పగిలిన గాలిపెట్టె

మనిషి ముక్కుతో ఊపిరి పీల్చినట్లే కారు ఇంజిను కూడా గాలిని పీలుస్తుంది. ఆ గాలి మొదట ఒక నల్లని ప్లాస్టిక్ పెట్టెలోకి ప్రవేశిస్తుంది. మెకానిక్కులు దీనిని ఎయిర్‌బాక్స్ అంటారు. మడతలుగా అమర్చిన కాగితపు ఫిల్టర్ దీనిలోపల ఉంటుంది. దుమ్మును అడ్డగించి, శుభ్రమైన గాలిని మాత్రమే ఇంజినుకు అందించడం దీని ధర్మం. 1200 ఘన సెంటీమీటర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిను నిమిషానికి 3000 సార్లు తిరిగేటప్పుడు సుమారు 1800 లీటర్ల వరకు గాలిని పీల్చగలదు. ఇంత గాలి ప్రవహించే మార్గంలో వెంట్రుకవాసి పగులైనా ఉపేక్షింపదగినది కాదు.

పగుళ్లకు కారణాలు అనేకం. ఇంజిను వేడికి ప్లాస్టిక్ ఏళ్ల తరబడి వ్యాకోచించి, సంకోచించి పెళుసుబారుతుంది. ఫిల్టర్ మార్చేటప్పుడు మరలను అతిగా బిగించినా, క్లిప్పులను బలవంతంగా లాగినా అంచులు చిట్లుతాయి. అయితే పగులు ఏ వైపున ఏర్పడిందన్నదే ముఖ్యం. ఫిల్టర్‌కు ముందు భాగంలో ఉంటే హాని కొంత తక్కువ. ఫిల్టర్‌కు తరువాత ఉంటే దుమ్ము నేరుగా ఇంజినులోకి చేరుతుంది. ఆ దుమ్ము నూనెతో కలిసి, గరుకు కాగితంవలె పిస్టన్ రింగులనూ సిలిండరు గోడలనూ అరగదీస్తుంది. క్రమంగా ఇంజిను బలం క్షీణిస్తుంది. నూనె ఖర్చు పెరుగుతుంది. టాక్సీయే జీవనాధారమైన డ్రైవరుకు చిన్న పగులు పెద్ద అప్పుగా మారేది ఈ విధంగానే.

పగులు కనిపించగానే జిగురు పూయాలనిపించడం సహజం. కాని ఈ పెట్టెలలో అధికభాగం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో స్ఫటిక నిర్మాణం గల పాలీప్రొపిలీన్‌ను రూపొందించాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. తామరాకుపై నీటిబొట్టు నిలవనట్లు, ఈ ప్లాస్టిక్‌పై సాధారణమైన జిగురు నిలవదు. దీనిని గట్టిగా అతకడానికి దీని జాతి ప్లాస్టిక్ తగినది. సుమారు 165 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది కరుగుతుంది. చల్లారితే తిరిగి గట్టిపడుతుంది. ఈ గుణమే మరమ్మతుకు ఆధారం.

ముందుగా పెట్టెను కారు నుండి పూర్తిగా విప్పి, ఫిల్టర్‌ను తీసివేయాలి. ఇంజినువైపు గొట్టాన్ని శుభ్రమైన గుడ్డతో మూయాలి. పెట్టె అడుగున ముద్రించిన అక్షరాలను పరిశీలించాలి. 'పి.పి.' అని ఉంటే పాలీప్రొపిలీన్ అని అర్థం. 'టి.డి. 20' అని కూడా ఉంటే, దానిలో నూటికి ఇరవై పాళ్లు బలపపు రాయి పొడి కలిసిందని గ్రహించాలి. 'పి.ఎ.' అని ఉంటే అది నైలాన్; దానికి నైలాన్ కడ్డీయే కావాలి. తరువాత సబ్బునీటితో కడిగి, నూనె జిడ్డు లేకుండా తుడిచి ఆరబెట్టాలి. పగులు మరింత పాకకుండా దాని కొసన సన్నని రంధ్రం చేయాలి. పగులు వెంబడి లోతైన గాడి చెక్కి, వేడిచేసిన సోల్డరింగ్ ఐరన్‌తో అంచులను కరిగిస్తూ అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని గాడిలో నింపాలి. బలం కోసం బయటి వైపున సన్నని స్టీలు జాలీని అద్ది, దానిపై మరొక పొర వేయవచ్చు. పొగ రేగేంత వేడి తగదు. మాడిన ప్లాస్టిక్‌కు పట్టు ఉండదు. ఈ పని గాలి వెలుతురు గలచోట, పెట్రోలుకు దూరంగా చేయాలి.

చల్లారిన తరువాత లోపల రాలిన ప్లాస్టిక్ తునకలన్నింటినీ ఏరివేయాలి. ఒక్క తునక మిగిలినా అది ఇంజిను పాలవుతుంది. ఆపైన చీకటిగదిలో పెట్టెలోపల దీపం ఉంచి చూడాలి. అతుకు వద్ద వెలుగు తొంగిచూస్తే పని ముగియలేదన్నమాట. ఫిల్టర్ కూర్చునే అంచు వంకరపోయినా, పెట్టె అనేకచోట్ల పెళుసుబారినా అతుకు ప్రయత్నం మాని కొత్తది అమర్చడమే మేలు.

మన వీధులలో ప్లాస్టిక్ బిందెలనూ కుర్చీలనూ వేడి ఇనుముతో అతికే పనివారి విద్య వెనుక ఉన్న శాస్త్రమూ ఇదే. వస్తువు స్వభావాన్ని ఎరిగి, దానికి తగిన చికిత్స చేయడమే ఏ మరమ్మతుకైనా మూలసూత్రం. ఆ ఎరుక ఉన్న చేతికి పాతవస్తువు మరికొంత కాలం సేవ చేస్తుంది.