యంత్రానికి చెవులిచ్చిన కాటూరు బిడ్డ

పొద్దున్నే భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వెళ్లే బస్సు. కిటికీ పక్కన ఒక పెద్దావిడ, ఆమె పక్కన మనవడు. కుర్రాడి చేతిలో ఫోను.

‘గట్టిగా అడుగమ్మమ్మా’ అంటూ మైకు బొమ్మ నొక్కి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

‘ఖమ్మంలో మిరపకాయల రేటెంత?’

ఆమె అడగడం ఆలస్యం, అక్షరాలు వరసగా తెర మీదికొచ్చాయి. ఆ వెనకే మార్కెట్ ధరల చిట్టా. ఆ అక్షరాలు ఆమెకు చదవడం రాదు. మనవడు చదివి వినిపించాడు. ఆవిడకు సరదా పుట్టింది. ఈసారి తన సొంత మాటలో, కోయలో, ఏదో అడిగింది. తెర మీద పొంతన లేని నాలుగు తెలుగు ముక్కలు పడ్డాయి. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

‘దీనికి మన మాట రాదు గదా!’ అందావిడ నవ్వాపుకుంటూ.

చదువురాని మనిషి మాట్లాడితే యంత్రం వినడం, విని అక్షరాలుగా మార్చడం... ఒకప్పుడు కథల్లో మాత్రమే సాధ్యం. దాన్ని నిజం చేయడానికి అరవై ఏళ్ల కిందటే నడుం కట్టిన కొద్దిమందిలో ఒక తెలుగాయన ఉన్నారు. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకొనే ట్యూరింగ్ అవార్డును అందుకున్న తొలి ఆసియా సంతతి శాస్త్రవేత్త ఆయనే. పేరు దబ్బల రాజగోపాలరెడ్డి. లోకానికి రాజ్‌రెడ్డి.

సివిల్ ఇంజినీరు దారి తప్పాడు!

రాజ్‌రెడ్డి పుట్టింది 1937 జూన్ 13న, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో. తండ్రి శ్రీనివాసులురెడ్డి రైతు. తల్లి పిచ్చమ్మ గృహిణి. ఆ కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజుల్లో తెలివైన కుర్రాడంటే ఇంజినీరు కావాల్సిందే, ఇంజినీరంటే ఆనకట్టలూ వంతెనలూ కట్టాల్సిందే. ఆయనా మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి 1958లో సివిల్ పట్టా పుచ్చుకున్నారు.

పై చదువుకు ఆస్ట్రేలియా వెళ్లడంతో కథ మలుపు తిరిగింది. సిడ్నీలోని న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎంటెక్ పూర్తయింది. తర్వాత అక్కడే ఐబీఎంలో ఉద్యోగం. కంప్యూటర్ అంటే గదంత యంత్రం, పంచ్‌కార్డుల కట్టలు అనుకునే కాలమది. ఉద్యోగం బాగానే ఉన్నా మనసు మాత్రం పరిశోధన వైపు లాగింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో అడుగుపెట్టారు. అక్కడ ఆయనకు దొరికిన గురువు సామాన్యుడు కాదు. కృత్రిమ మేధకు ఇంగ్లీషులో ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ!

స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ విభాగం మొదలైంది 1965లో. మరుసటి ఏడాదే, అంటే 1966లో, రాజ్‌రెడ్డి డాక్టరేట్ అందుకున్నారు. ఎంచుకున్న అంశం: మనిషి గొంతు నుంచి వచ్చే ధ్వని తరంగాన్ని నేరుగా విశ్లేషించి మాటను పోల్చుకోవడం. ట్యూరింగ్ అవార్డు ఇవ్వడం మొదలుపెట్టిందీ సరిగ్గా 1966లోనే. అది తన చేతికి రావడానికి 28 ఏళ్లు పడుతుందని అప్పుడాయనకు తెలియదు కదా!

మూడేళ్లు స్టాన్‌ఫర్డ్‌లోనే పాఠాలు చెప్పారు. గురువుతోనూ మరో ఇద్దరితోనూ కలిసి 1968లో ఒక పరిశోధన పత్రం రాశారు. చేతులు, కళ్లు, చెవులు ఉన్న కంప్యూటర్ గురించిన పత్రమది. వాటిలో చెవుల సంగతి ఆయన జీవితకాలపు పని అయింది.

వినడం అంత కష్టమా?

మాట వినడంలో ఏముంది, పసిపిల్లలు కూడా వింటారు అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

మనం కాగితం మీద రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం. నోటితో పలికేటప్పుడు వదలం. ‘వాడు వచ్చాడు’ అని రాస్తాం, ‘వాడొచ్చాడు’ అంటాం. ‘ఏమి అంటున్నావు’ కాస్తా ‘ఏమంటున్నావ్’ అవుతుంది. బళ్లో సంధులు నేర్చుకున్నవారికి ఈ సంగతి కొత్త కాదు. ఒక మాట ఎక్కడ అయిపోయింది, ఇంకో మాట ఎక్కడ మొదలైంది? యంత్రానికి వినపడేది తెంపులేని ఒకే ధ్వని ధార. పైగా ఆడగొంతు వేరు, మగగొంతు వేరు. చిత్తూరు యాస వేరు, ఖమ్మం యాస వేరు. జలుబు చేస్తే అదే గొంతు మరోలా ఉంటుంది.

రాజ్‌రెడ్డి 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. నాలుగేళ్లలో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయ్యారు. అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం 1971లో పరిశోధకుల ముందు ఒక లక్ష్యం పెట్టింది. గడువు అయిదేళ్లు. వెయ్యి మాటల పరిధిలో, తెంపులేకుండా మాట్లాడినా గ్రహించే యంత్రం కావాలంది. రాజ్‌రెడ్డి బృందం రంగంలోకి దిగింది.

ముందుగా ‘హియర్‌సే’ వచ్చింది. నోటితో ఎత్తు చెబితే కంప్యూటర్ చదరంగం ఆడేది! దాని తర్వాతి రూపం హియర్‌సే-2. దీని పద్ధతి మన ఊరి రచ్చబండ లాంటిది. ధ్వని సంగతి ఒకరికి తెలుసు, పదాలు ఇంకొకరికి తెలుసు, వ్యాకరణం మరొకరికి తెలుసు. అందరూ ఒకే నల్లబల్ల మీద తమకు తోచింది రాస్తారు. ఒకరు రాసింది చూసి మరొకరు దిద్దుతారు. చివరికి అందరికీ కుదిరిన మాట నిలుస్తుంది. ఈ నల్లబల్ల పద్ధతిని తర్వాత వేరే రంగాలవాళ్లూ అందిపుచ్చుకున్నారు.

1976లో ‘హార్పీ’ వచ్చింది. 1,011 మాటలతో లక్ష్యాన్ని దాటింది. దాని కిటుకు అడవిలో తిరిగేవారికి ఇట్టే అర్థమవుతుంది. అడవిలో ప్రతి పది అడుగులకూ ఒక చీలిక వస్తుంది. అన్ని కాలిబాటలూ తొక్కిచూస్తే పొద్దు గూకుతుంది. ఒక్క బాటే పట్టుకుంటే దారి తప్పవచ్చు. అందుకని ప్రతి చీలిక దగ్గరా నమ్మకంగా కనిపించే కొన్ని బాటలనే ఉంచుకుని మిగిలినవి వదిలేయాలి. హార్పీ చేసిందదే. పేర్లు మారినా ఆ ఎత్తుగడ ఇవాళ్టి కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ బతికే ఉంది.

శిష్యులే ఆస్తి

గురువు గొప్పదనం శిష్యుల్లో తెలుస్తుందంటారు. రాజ్‌రెడ్డి దగ్గర చదివిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు తర్వాత డ్రాగన్ సంస్థ పెట్టారు. తెంపులేకుండా మాట్లాడుతుంటే టైపు చేసే వాళ్ల సాఫ్ట్‌వేర్ 1997లో మార్కెట్లోకి వచ్చింది. తైవాన్‌లో పుట్టిన కై-ఫు లీ 1988లో ఆయన పర్యవేక్షణలోనే ‘స్ఫింక్స్’ తయారుచేశాడు. అంతకుముందు చాలా యంత్రాలు ఒక మనిషి గొంతుకు అలవాటు పడి ఆ గొంతునే వినేవి. స్ఫింక్స్ కొత్త గొంతునైనా పోల్చుకునేది. జావా భాష సృష్టికర్త జేమ్స్ గోస్లింగ్ కూడా డాక్టరేట్‌కు ఆయన శిష్యుడే.

కార్నెగీ మెలన్‌లో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు వ్యవస్థాపక డైరెక్టర్ రాజ్‌రెడ్డే. 1991 దాకా నడిపారు. ఆ తర్వాత 1999 వరకు అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూలుకు డీన్. 1999 నుంచి 2001 దాకా అమెరికా అధ్యక్షుడికి సమాచార సాంకేతికతపై సలహాలిచ్చే సంఘానికి సహాధ్యక్షుడు.

1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి పంచుకున్నారు. భారీ కృత్రిమ మేధ వ్యవస్థలను కట్టి, అవి కాగితం మీది ఊహలు కావు, నిత్యజీవితంలో పనికొస్తాయని నిరూపించినందుకు ఆ గౌరవం. బహుమతి ప్రసంగానికి ఆయన పెట్టిన పేరుకు తెలుగులో ‘సాధ్యమయ్యే కల కనడం’ అని అర్థం.

పురస్కారాల వరస

• 1984: ఫ్రాన్స్ ప్రభుత్వ గౌరవం లీజియన్ ఆఫ్ ఆనర్
• 1987-89: అమెరికా కృత్రిమ మేధ సంఘం అధ్యక్ష పదవి
• 1994: ట్యూరింగ్ అవార్డు
• 2001: పద్మభూషణ్
• 2004: జపాన్ ఒకావా బహుమతి
• 2005: హోండా బహుమతి
• 2006: అమెరికా నేషనల్ సైన్స్ బోర్డు ఇచ్చే వానెవర్ బుష్ అవార్డు

ఈ చిట్టాలో మొదటిది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పేద దేశాల ప్రజలకు కంప్యూటర్‌ను చేరువ చేసేందుకు ఫ్రాన్స్ ప్రభుత్వం పారిస్‌లో ఒక ప్రపంచ కేంద్రం పెట్టింది. అందులో ముఖ్య శాస్త్రవేత్తగా రాజ్‌రెడ్డి పనిచేశారు. ఆ సేవకే అప్పటి అధ్యక్షుడు మిత్తెరాఁ చేతుల మీదుగా లీజియన్ ఆఫ్ ఆనర్ దక్కింది. అంటే ట్యూరింగ్‌కు పదేళ్ల ముందే, పల్లె మనిషి కోసం చేసిన పనికి గుర్తింపు వచ్చిందన్నమాట.

చదువురాని మనిషి కోసం

చదువుకున్నవాడికి పుస్తకం ఉంది, పత్రిక ఉంది, కీబోర్డు ఉంది. చదువురాని మనిషికి ఉన్నది నోరొక్కటే. యంత్రం వినగలిగితే అందరికంటే ఎక్కువ మేలు ఆ మనిషికే. రాజ్‌రెడ్డి పని మొత్తాన్ని ముడివేసే దారం ఇదే. 2004 ప్రాంతంలో ఆయన టీవీ, ఫోను, కంప్యూటర్ మూడూ ఒకటిగా ఉండే పరికరాన్ని రూపొందించే పని చేపట్టారు. చదవడం రాకపోయినా వాడుకోగలగాలన్నది దాని ఉద్దేశం. ఆ పెట్టె ఇంటింటికీ చేరలేదు. కానీ ఆ పనిని తర్వాత చేతిలో ఇమిడే ఫోను అందుకుంది.

పుస్తకాల విషయంలోనూ ఇదే తపన. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంచాలన్న ప్రాజెక్టును భారత్, చైనా సంస్థలతో కలిసి నడిపారు. 2007 నాటికి లెక్క 15 లక్షలు దాటింది. అందులో మన తెలుగు పుస్తకాలూ ఉన్నాయి.

ఇక మన పిల్లల సంగతి. 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ఐటీ పాలక మండలికి ఆయన అధ్యక్షత వహించారు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఇడుపులపాయ, నూజివీడు, బాసరలలో పల్లె పిల్లల కోసం రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి తొలి ఛాన్సలర్ రాజ్‌రెడ్డి. పదో తరగతి కాగానే ఆరేళ్ల చదువు. సర్కారు బడి పిల్లలకు మార్కుల్లో కొంత వెసులుబాటు. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటికి దగ్గర్లోనే బాసర ఉంటుంది. తెలంగాణ దాటిపోయే చోట భద్రాచలం ఉంటుంది. ఈ అంచు పిల్లలు ఏటికి ఎదురెక్కి ఆ అంచుకు చదువుకు పోవడానికి ఒక దారి పడింది.

మన మాట ఎప్పుడు వింటుంది?

మళ్లీ చర్ల బస్సు దగ్గరికి వద్దాం. ఆ పెద్దావిడ తెలుగు విన్న ఫోను ఆమె కోయ ఎందుకు వినలేదు?

లోపం కోయలో లేదు. కోయ కూడా తెలుగులాగే ద్రావిడ భాష. గోండికి దగ్గరి చుట్టం. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అన్నవారు నాలుగు లక్షల పైచిలుకు. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల నుంచి అటు చింతూరు, కూనవరం దాకా, అవతల ఛత్తీస్‌గఢ్, ఒడిశా పల్లెల దాకా వినపడే మాట అది. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు మొదలుపెట్టాలని 2004 ప్రాంతంలో వాచకాలు తయారుచేసినప్పుడు కోయకూ తెలుగు లిపిలో వాచకం వచ్చింది.

అసలు చిక్కు వేరే ఉంది. స్ఫింక్స్ కాలం నుంచి ఇవాళ్టి దాకా యంత్రం మాట నేర్చుకునే తీరు ప్రధానంగా ఒకటే. చాలామంది గొంతులు వినిపించాలి, వాళ్లు ఏమన్నారో పక్కనే రాసి చూపించాలి. పసిబిడ్డకు తల్లి పదేపదే చెప్పినట్టే. తెలుగుకు సినిమాలున్నాయి, వార్తలున్నాయి, పుస్తకాలున్నాయి. కోయకు ఉన్న సంపదంతా నోటి మీదే ఉంది. పండుగల పాటల్లో, పెద్దల కథల్లో, సంతలో బేరాల్లో ఉంది. రికార్డు చేసి రాసిపెట్టేవాళ్లు లేకపోతే యంత్రానికి అది లేనట్టే లెక్క. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ‘భాషిణి’ కూడా ముందుగా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలపైనే దృష్టి పెట్టింది. కోయ ఆ షెడ్యూలులో లేదు.

ఇది సరదా సంగతి కాదు. రాత్రివేళ బిడ్డకు జ్వరమొస్తే అడగడానికి, పింఛను ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి, తునికాకు డబ్బులు బ్యాంకులో పడ్డాయో లేదో చూసుకోవడానికి ఇప్పుడు ఫోనే దిక్కవుతోంది. తెలుగు వచ్చిన మనవడు పక్కనుంటే సరే. లేకపోతే? ఒకప్పుడు చదువురానివాళ్లు గడప బయట నిలబడ్డారు. రేపు యంత్రానికి అర్థంకాని మాట మాట్లాడేవాళ్లు అక్కడే నిలబడాల్సి వస్తుంది.

1966లో ఇంగ్లీషు మాట కూడా యంత్రానికి సరిగా రాదు. 1976లో వెయ్యి మాటలు వచ్చాయి. ఇప్పుడు మిరపకాయల రేటు తెలుగులో అడిగితే చెబుతోంది. ఇదంతా ఎవరో ఒకరు కూర్చుని ఓపిగ్గా నేర్పితేనే వచ్చింది. కాటూరు రైతుబిడ్డ పిట్స్‌బర్గ్‌లో కూర్చుని మొదలుపెట్టిన పనికి, చర్ల దారిలో ఏ కోయపల్లె నుంచో బాసర వెళ్లి చదువుకున్న పిల్లో పిల్లాడో తర్వాతి వాక్యం రాయవచ్చు. దానికి గదంత యంత్రం అక్కర్లేదు. చేతిలో ఒక ఫోను, ఎదురుగా కబుర్లు చెప్పే అమ్మమ్మ ఉంటే చాలు... మొదటి పాఠం రికార్డు చేసుకోవచ్చు!