పాత పికప్ వాహనాలకు విద్యుత్ ఫ్యాన్: అమర్చే ముందు చూడవలసినవి

యాసంగి వరి కోతల వేళ తంగళ్ళపల్లి వంటి మండలాల్లో ధాన్యం బస్తాలు మోసే పాత పికప్ వాహనాలు రహదారిపై కన్నా మిల్లు ముందు వరుసలో నిలిచినప్పుడే ఎక్కువగా వేడెక్కుతాయి. హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటే సరిగ్గా పని రోజుల్లోనే వాహనం మూలపడుతుంది.

పాత వాహనాల్లో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది; ఇంజన్ మందగిస్తే గాలీ తగ్గుతుంది. వేగంగా వెళ్ళేటప్పుడు ఎదురుగాలి చాలు, అయినా ఫ్యాన్ ఇంజన్ శక్తిని వాడుకుంటూనే ఉంటుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే దానికి కావలసిన శక్తి సుమారు 8 రెట్లవుతుంది.

విద్యుత్ ఫ్యాన్ ఇంజన్ వేగంతో నిమిత్తం లేకుండా ఉష్ణోగ్రత స్విచ్‌ను బట్టి తిరుగుతుంది. అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. 12 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు తీసుకునే ఫ్యాన్‌కు 240 వాట్లు కావాలి. ఫ్యాన్ అత్యవసరమైన ఆ నిలిచిన సమయంలోనే ఆల్టర్నేటర్ తక్కువ విద్యుత్తునిస్తుంది. రాత్రివేళ లైట్లూ వెలుగుతుంటే లోటు బ్యాటరీపై పడుతుంది. కనుక ఫ్యాన్ కొనకముందే, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆల్టర్నేటర్ ఇచ్చే విద్యుత్తును కొలిపించాలి.

ఫ్యాన్‌కు విద్యుత్తు తగిన ఫ్యూజు, రిలేల ద్వారానే అందాలి. గాలి ఇంజన్ వైపుకే వీచాలి. తీగలు తారుమారైతే ఫ్యాన్ ఎదురుగాలితో పోరాడుతుంది. పాత ఫ్యాన్ తీసినా బెల్టును తీయరాదు. సాధారణంగా నీటి పంపు, ఆల్టర్నేటర్ దానితోనే తిరుగుతాయి.

ఇంతకన్నా ముందు రేడియేటర్‌ను పరిశీలించాలి. దాని రెక్కల మధ్య తాలు, దుమ్ము పేరుకొని ఉంటే ఏ ఫ్యాన్ పెట్టినా గాలి దూరదు. చల్లారిన తరువాత ఇంజన్ వైపు నుంచి తక్కువ ఒత్తిడి నీటితో కడిగితే, కొన్ని వాహనాలకు కొత్త ఫ్యాన్ అవసరమే ఉండదు.