ఏ అద్భుత కథను చదవాలి?

కథ వినాలన్న కోరిక మానవునితోపాటే పుట్టింది. జగ్గయ్యపేట సమీపంలోని బౌద్ధస్తూప శిథిలాలను 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడ లభించిన ఒక శిల్పఫలకంలో మాంధాత చక్రవర్తి చేయెత్తి నిలిచి ఉంటాడు. ఆకాశం నుండి నాణేలు వర్షిస్తుంటాయి. ఆ ఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. ఒకప్పటి కృష్ణాజిల్లా మెట్టప్రాంతం, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైన ఈ నేలకు అద్భుత కథ సుమారు రెండువేల ఏళ్ళ చుట్టం.

అయినా నేటి జగ్గయ్యపేట, నందిగామ విద్యార్థులలో చాలామందికి అద్భుతలోకమంటే ఆంగ్ల నవలలే గుర్తుకు వస్తాయి. టోల్కీన్ 1954-55లలో వెలువరించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ గొప్ప రచనే. దానిని ముగించిన పాఠకుడు తరువాత ఏది చదవాలని వెదకితే, తెలుగులోనే రెండు దారులు కనిపిస్తాయి.

మొదటిది మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీమజిలీ కథలు’. ఇది పన్నెండు భాగాల మహాకథ. మణిసిద్ధుడనే యతి కాశీయాత్రకు తోడుగా గోపుడనే పశువుల కాపరిని వెంటబెట్టుకొంటాడు. గోపుడు దారిలో చూసిన వింతలను గురించి అడుగుతాడు. యతి మజిలీ మజిలీకి ఒక కథ చెబుతాడు. ఒక మజిలీ చదివి ఆపినా నష్టం లేదు. నందిగామ నుండి కళాశాలకు బస్సులో వచ్చిపోయే విద్యార్థికి ఇంతకంటె అనుకూలమైన గ్రంథం దొరకదు. 1951 నాటి ‘పాతాళభైరవి’ చలనచిత్రానికి ఈ కథలు ప్రేరణ కావడం వీటి ఆకర్షణకు నిదర్శనం.

రెండవది పదహారవ శతాబ్దికి చెందిన పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. ఎనిమిది ఆశ్వాసాల ఈ ప్రబంధంలో మారురూపాలు, శాపాలు, పూర్వజన్మ స్మృతులు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకంలో నిజమై నడుస్తుంది. రంభ రూపం ధరించిన కలభాషిణికీ, అసలు రంభకూ నడుమ వాగ్వాదం రేగుతుంది. మొదట చిక్కుముడిగా తోచిన ప్రతి సంఘటనకూ తరువాత కారణం తెలుస్తుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు 2002లో దీనిని ఆంగ్లంలోనికి అనువదించారు. నవలాలక్షణాలు గల రచనగా వివరించారు.

మరి ఎంపిక ఎట్లా? కథల సంఖ్య, వైవిధ్యం ముఖ్యమనుకొనేవారు దీక్షితులు వెంట నడవాలి. ఒకే కథ లోతులకు దిగదలచినవారు సూరనను ఆశ్రయించాలి. పద్యమంటే జంకేవారు ముందుగా వచన రూపంలో కథాక్రమం తెలుసుకొని, ఆపై వ్యాఖ్యానంతో కూడిన ప్రతిని చేపట్టవచ్చు. కథ ముందే తెలిస్తే ఆసక్తి తగ్గుతుందన్న భయం ఇక్కడ అక్కరలేదు. కథనంలోని నేర్పు పద్యం చదివినప్పుడే బోధపడుతుంది.

వారాల కొద్దీ తీరిక దొరికే వేసవి సెలవులకు ‘కళాపూర్ణోదయం’, చదువుల ఒత్తిడి నడుమ ‘కాశీమజిలీ కథలు’ తగినవి. ఏది ముందైనా, రెండవదానిని విడువరాదు. ఇంటర్మీడియట్‌తో తెలుగు పాఠాలు ముగిసే విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారికి ఈ ఎంపిక కేవలం కాలక్షేపానికి సంబంధించినది కాదు. పరీక్షల తరువాత కూడా మాతృభాష వారితో నడుస్తుందా లేదా అన్నది దీనిపై ఆధారపడి ఉంటుంది. మార్కుల కోసం చదివిన పద్యం మరపునకు రావచ్చు. కోరి చదివిన కథ జీవితాంతం తోడుంటుంది.