అన్నానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి

టైప్ 2 మధుమేహం ఉన్న ఇళ్లలో గ్లూకోమీటర్ ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. పొద్దున్నే పరగడుపున వేలు పొడుచుకుని, వచ్చిన అంకెను పుస్తకంలో రాసుకుని, తక్కువైతే ఊపిరి పీల్చుకుని, ఎక్కువైతే దిగులుపడి మీటర్‌ను మళ్లీ సంచిలో పెట్టేయడం చాలామందికి అలవాటు. ఆ అంకె దండగ అని కాదు. రాత్రంతా కాలేయం రక్తంలోకి ఎంత గ్లూకోజ్ వదిలిందో, ఇన్సులిన్ దాన్ని ఎంతవరకు అదుపు చేసిందో అది చెబుతుంది. కాని మధ్యాహ్నం తినే అన్నం సంగతి దానికి తెలియదు. తిండి మార్చుకుని షుగర్‌ను అదుపులో పెట్టుకోవాలనుకునేవారు భోజనానికి ముందొకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మరొకసారి పరీక్షించుకుంటేనే ఈ యంత్రం తన పని తాను పూర్తిగా చేస్తుంది. ఈ మాటకు ఆధారం దాని చరిత్రలోనే ఉంది.

రక్తపరీక్ష ఇంటికి రాకముందు మూత్రపరీక్షే దిక్కు. 1908లో అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ రూపొందించిన నీలి ద్రావణం మన కాలేజీ ప్రయోగశాలల్లో చదివినవారందరికీ పరిచయమే. అయిదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, చక్కెరను బట్టి ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. 1956లో ఆల్ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతుల క్లినిస్టిక్స్ పట్టీ వచ్చాక మరిగించే పని తప్పింది. అసలు లోపం మాత్రం మిగిలింది. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రపిండాలు దాన్ని బయటికి వదులుతాయి. 90 ఉన్నా 160 ఉన్నా ద్రావణం నీలంగానే ఉంటుంది. అప్పటికి గంటల కిందట తయారైన మూత్రం ఏ భోజనం గురించి చెబుతోందో తేల్చడమూ కష్టమే.

1960ల నడుమ ఎర్నెస్ట్ ఆడమ్స్ చేసిన డెక్స్‌ట్రోస్టిక్స్ పట్టీ మీద పెద్ద రక్తపు చుక్క వేసి, సరిగ్గా నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, రంగును అచ్చు పటంతో పోల్చేవారు. ఒకరి కంటికి కనిపించిన నీలం మరొకరికి కనిపించేది కాదు. ఆ పట్టీ మీద పడి తిరిగొచ్చే కాంతిని కొలిచే యంత్రాన్ని ఆంటన్ క్లెమెన్స్ ఆ దశాబ్దం చివర్లో తయారుచేశాడు. బరువు కిలోకు పైనే, ధర వందల డాలర్లు, అమ్మకం డాక్టర్లకు మాత్రమే. రోగి చేతికి ఇది అవసరమన్న ఆలోచనే అప్పటి వైద్యంలో లేదు. ఆ గీత దాటినవాడు రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు. పన్నెండో ఏట నుంచి టైప్ 1 మధుమేహంతో ఉన్న ఆయన, డాక్టరైన తన భార్య పేరిట 1969లో ఆ మీటర్ తెప్పించుకున్నాడు. రోజుకు అనేకసార్లు రక్తం పరీక్షించుకుంటూ తిండిలో, ఇన్సులిన్‌లో మార్పులు చేసి, మళ్లీ కొలుచుకున్నాడు. తాను కనుగొన్నది వైద్య పత్రికలు ప్రచురించకపోతే, నలభై అయిదేళ్ల వయసులో వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యాడు. ఆయన జబ్బు వేరు, టైప్ 2 వేరు. కాని ఆ పద్ధతి రెండింటికీ వర్తిస్తుంది. ఒక సందేహం పెట్టుకుని కొలవాలి, ఒక్కటే మార్చాలి, మళ్లీ కొలవాలి.

1987లో వచ్చిన ఎక్సాక్‌టెక్ అనే మీటర్ రంగును వదిలి విద్యుత్తును పట్టుకుంది. నేటి స్ట్రిప్ కొనకు ఆవగింజంత రక్తం తాకిస్తే చాలు, సన్నని సందు దాన్ని లోపలికి లాక్కుంటుంది. అక్కడి ఎంజైము గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. వాటి ప్రవాహాన్ని కొలిచి మీటర్ కొద్ది సెకన్లలో అంకె చూపిస్తుంది. అయితే 100కు పైబడిన విలువల్లో అటూఇటూ 15 శాతం తేడాను అంతర్జాతీయ ప్రమాణమే అనుమతిస్తుంది. మామిడిపండు ఒలిచిన చేత్తో పొడుచుకుంటే వేలి మీది తీపి కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే చేతులు కడిగి, తుడుచుకుని, పది పాయింట్ల తేడాకు అర్థాలు వెతకకుండా ఉండాలి. తిన్నాక డెబ్బై ఎనభై పెరగడం, అదీ రెండు మూడుసార్లు అలాగే రావడం వేరే విషయం.

ఇంట్లో పరీక్షించుకుంటే మేలన్న మాటకు బలమైన అభ్యంతరం ఉంది. ఇన్సులిన్ వాడని టైప్ 2 రోగుల మీద బ్రిటన్‌లో 2007లో వెలువడిన డైజెమ్ అధ్యయనంలో, అమెరికాలోని నార్త్ కరోలినాలో 2017లో వెలువడిన మరొక అధ్యయనంలో ఇంటి పరీక్షల వల్ల మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. రెండోదానిలో పరీక్ష రోజుకు ఒక్కసారే కాబట్టి అది నా వాదానికి అనుకూలమే. డైజెమ్‌లో మాత్రం ఫలితాలను తిండికి అన్వయించుకోవడం నేర్పినా లాభం స్వల్పమే, అది ఒప్పుకోవాలి. 2011 నాటి స్టెప్ అధ్యయనంలో డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మూడు రోజులు, రోజుకు ఏడుసార్లు భోజనాల చుట్టూ పరీక్షించుకున్నవారికి హెచ్‌బీఏ1సీ అదనంగా 0.3 శాతం పాయింట్ల మేర తగ్గింది. దానికి డబ్బు పెట్టింది మీటర్ల కంపెనీయే, తగ్గుదలా చిన్నదే. వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: షుగర్‌ను తగ్గించేది మీటర్ కాదు, మారిన భోజనం. ఏది మార్చాలో చూపించడం మీటర్ పని.

అయితే డైట్ చార్టు చాలదా? 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 800 మందిని పరిశీలించినప్పుడు, ఒకే తిండికి వేర్వేరు మనుషుల్లో గ్లూకోజ్ ఎంతో తేడాగా పెరిగింది. రాగి మంచిదని అందరూ అంటారు, కాని మెత్తటి పిండితో కాచిన జావ మీ రక్తంలో ఏం చేస్తుందో మీ వేలే చెప్పాలి. ఒకసారి రోజూ తినేంత అన్నం తిని చూడండి. మరోసారి అన్నం సగం చేసి పప్పు, కూర పెంచండి. ఇంకోసారి కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తినండి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో కొద్దిమంది మీద చేసిన ప్రయోగంలో ఈ వరుస మార్పుతోనే తిన్న తర్వాతి గ్లూకోజ్ బాగా తగ్గింది. రెండు గంటలకు 180 లోపు ఉండాలన్నది చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం. ఒక్క హెచ్చరిక: నూనెలో వేగిన పకోడీ తిన్నాక అంకె అంత పెరగకపోవచ్చు. కొవ్వు, ఉప్పు మీటర్‌కు కనిపించవు. అందుకని ల్యాబ్ పరీక్షలు, బీపీ, బరువు చూసుకోవడం మానకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టర్‌కు చెప్పకుండా అన్నం తగ్గిస్తే గ్లూకోజ్ 70 కిందికి పడిపోయే ప్రమాదం ఉంది.

ఖర్చు, నొప్పి అనే అభ్యంతరాలు నిజమైనవే. వేలి మధ్య మెత్తటి భాగంలో కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. స్ట్రిప్పులు చవక కావు, కాని జంట పరీక్షలు రోజూ చేయాల్సిన అవసరం లేదు. ఒక వారం టిఫిన్, మరో వారం మధ్యాహ్న భోజనం, ఆ పై వారం రాత్రి భోజనం చూసుకుంటే చాలు. నెలంతా పరగడుపునే వాడే ముప్ఫై స్ట్రిప్పులతో పదిహేను భోజనాలను పరీక్షించవచ్చు.