బోదకాలి మందును పురుగు కండరపు తూమును

భద్రాచలము తిరునాళ్లకు గోదావరి దిగువ సీమనుండి వచ్చు యాత్రికులలో బోదకాలు ఈడ్చుకొనుచు నడచువారిని మన విద్యార్థులు చూచియే యుందురు. అది పూర్వకర్మ ఫలమని కొందరనుట మేమును వింటిమి. దానికి కారణము క్యూలెక్సు దోమ మోసికొనివచ్చు, నూలుపోగు వంటి యొక పురుగు. పెద్దపురుగులు లింఫు నాళములలో కాపురముండును. వాని పిల్లలు రాత్రివేళ రక్తములో తిరుగుచు దోమకాటుకై కాచుకొనును.

ఈ పురుగునకు నేటికిని వాడు మందును కనుగొనుటలో ముఖ్యుడు మన తెలుగువాడే. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పనిచేయుచు, సహచరులతో కలిసి 1947లో డైయిథైల్ కార్బమజీను గుణమును లోకమునకు వెల్లడించిరి. మరుసటి యేడే వారు స్వర్గస్థులైరి. మందు గుణమిచ్చుచుండెను గాని, అది పురుగును ఏ చోట పట్టుచున్నదో వారికి తెలియలేదు.

ప్రతి జీవకణమునకును పలుచని పొర యొకటి గలదు. చెరువుకట్టకు తూములున్నట్లు ఆ పొరకును మిక్కిలి చిన్న తూములుండును. సోడియము, పొటాషియము, కాల్షియము మొదలగువాని విద్యుత్తుగల యణువులు, అనగా అయానులు, వానిగుండ పారును. తూము తెరచినపుడు కండరము బిగియును, లేదా సడలును. మన గుండె కొట్టుకొనుటయు ఇట్టి పారుదల వలననే. 2020లో అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు, బోదపురుగులలో నొక జాతియైన బ్రూగియా మలయీపై పరీక్షించి, సుబ్బారావుగారి మందు పురుగు కండరములోని ట్రిప్ అను తూములను తెరచునని కనుగొనిరి. కాల్షియము లోనికి చొరబడును, కండరము కొయ్యబారును. ఈ బిగింపు తాత్కాలికమే. పని ముగించుటకు మన శరీరపు రక్షణబలము తోడుపడవలెను. మందు కనుగొనిన 73 సంవత్సరములకు గాని దాని తూము దొరకలేదన్నమాట!

ఇపుడు విద్వాంసులు ఎదురుదారిన నడచుచున్నారు: ముందు తూమును చూచి, తరువాత దానికి తగిన మందును వెదకుదురు. ఇందలి చిక్కు, పురుగు తూమును మాత్రమే తాకుట. ఐవర్‌మెక్టిను తెరచు గ్లూటమేటు తూము పురుగులకు గలదు, మనుష్యులకు లేదు. అది మన యదృష్టము. పిల్లుల పురుగులకు వాడుచున్న ఎమోడెప్సైడు పొటాషియపు తూమును తెరచును. దానిని మనుష్యులలో నదీ అంధత్వమను పురుగురోగమునకు పరీక్షించుచున్నారు. అట్టి తూము మనకును గలదు గనుక మోతాదును కడు జాగ్రత్తగా తూచవలసియున్నది.

2004 మొదలు మన దేశమున బోదవ్యాధి గల జిల్లాలలో సుబ్బారావుగారి మందును ఊరంతటికి పంచుచు వచ్చిరి. గర్భిణులకు, రెండేండ్లలోపు శిశువులకు, తీవ్రరోగులకు ఈయరు. తక్కినవారు అన్నము తినిన పిమ్మట మ్రింగవలెను. మ్రింగినపిదప కొందరికి జ్వరము, తలనొప్పి వచ్చును. అది చూచి మందు విషమని బిళ్లలను దొడ్లో పారవేసిన తల్లిదండ్రులను మేమెరుగుదుము. ఆ జ్వరము చాలవరకు రక్తములో చచ్చుచున్న పిల్లపురుగుల వలన వచ్చునదే. వాచి ముదిరిన కాలు మాత్రము బిళ్లలతో మరల సన్నగిల్లదు. దానిని దినదినము సబ్బుతో కడిగి, తడిలేకుండ తుడిచి, పుండు పడకుండ కాచుకొనవలెను.