దుఃఖంలో ఉన్నవారిని కాపాడుకోవడం ఎలా?



ఇంట్లో ఎవరైనా చనిపోతే ఏం చేయాలో మనకు తెలుసు. గుసుల్, కఫన్, జనాజా నమాజు... అన్నీ పెద్దలు దగ్గరుండి జరిపిస్తారు. కాని ఖబరస్తాన్ నుంచి తిరిగి వచ్చాక, ఆ ఇంట్లో మిగిలినవారి ఆరోగ్యం ఎలా చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వారం ఆ సంగతి తెలుసుకుందాం.

కొంతకాలం కిందట బళ్ళారి వైపు నుంచి ఒక పెద్దాయన నా దవాఖానాకు వచ్చారు. పరుపుల దుకాణం నడుపుతారు. వయసు అరవై దాటింది. "హకీం సాబ్, కడుపు ఉబ్బరం, ఆకలి లేదు, ఛాతీ బరువుగా ఉంటోంది. ఏదైనా పొడి ఇవ్వండి" అన్నారు. నబ్జ్ చూశాను. ఛాతీ బరువు అన్నారు కాబట్టి ముందు ఈసీజీ తీయించుకుని రమ్మన్నాను. గుండెకు ఏమీ లేదని తేలింది. "ఎప్పటి నుంచి భాయ్ ఈ బాధ?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "మా ఇంటామె పోయి నాలుగు నెలలైంది" అన్నారు చివరికి. "ఏడ్చారా?" అన్నాను. "లేదు. నేనే ఏడిస్తే పిల్లలు ఏమైపోతారు? అందరూ సబ్ర్ చేయమన్నారు, చేశాను" అన్నారు. ఆ మాట అంటూనే తల దించుకుని ఏడవడం మొదలుపెట్టారు.

సబ్ర్ అంటే ఏమిటి?

సబ్ర్ అంటే కన్నీళ్లు దిగమింగడమని మనలో చాలామంది అనుకుంటారు, ముఖ్యంగా మగవాళ్లు. దైవప్రవక్త (సఅసం) తన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు కన్నీరు పెట్టుకున్నారు. మీరు కూడా ఏడుస్తున్నారా అని ఒక సహచరుడు ఆశ్చర్యపోతే, అది కారుణ్యమని బదులిచ్చారు. హజ్రత్ యాఖూబ్ (అలై) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్న సంగతి దివ్యఖుర్ఆన్‌లో ఉంది. ఆయన సహనం కూడా అక్కడే ఉంది. గుండెలు బాదుకోవడం, బట్టలు చింపుకోవడం, అల్లాహ్ నిర్ణయాన్ని నిందించడం కూడదన్నారు. కన్నీటిని ఎవరూ కాదనలేదు. కాబట్టి దుఃఖంలో ఉన్న మనిషిని "ఏడవకు, సబ్ర్ చెయ్యి" అని నోరు మూయించకండి. పక్కన కూర్చోండి, అంతే చాలు.

యునానీ ఏమంటుంది?

మనిషి ఆరోగ్యం ఆరు విషయాల మీద నిలబడుతుందని యునానీ వైద్యం చెబుతుంది. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. 1. గాలి. 2. తిండి, నీరు. 3. శరీరానికి కదలిక, విశ్రాంతి. 4. మనసుకు కదలిక, విశ్రాంతి. 5. నిద్ర, మెలకువ. 6. శరీరంలో ఉండవలసినవి నిలవడం, పోవలసినవి బయటికి పోవడం.

దుఃఖం నాలుగో దానికి చెందింది. కోపం వస్తే శరీరంలోని సహజమైన వేడి ఒక్కసారిగా బయటికి వస్తుందనీ, దుఃఖంలో అది మెల్లమెల్లగా లోపలికి పోతుందనీ హకీం ఇబ్నె సీనా (980–1037) వివరించారు. అందుకే కోపంలో ముఖం ఎర్రబడుతుంది, దుఃఖంలో ముఖం పాలిపోతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి, ఆకలి మందగిస్తుంది, మాటిమాటికీ నిట్టూర్పు వస్తుంది. ఆయన కంటే ముందువాడైన అబూ జైద్ బల్ఖీ (మరణం 934) దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీశారు. కారణం తెలిసినది ఒకటి, కారణం తెలియనిది ఒకటి. మొదటి దానికి ఆయన చెప్పిన చికిత్స మంచి మాట, మంచి ఆలోచన.

ఆత్మీయులు పోయిన దుఃఖం వ్యాధి కాదు. దాన్ని తీసేసే మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. కాని ఆ ఒక్కటి చెదిరితే మిగతా ఐదూ చెదురుతాయి. తిండి తప్పుతుంది, నిద్ర తప్పుతుంది, మనిషి గది దాటి రాడు, మలబద్ధకం పట్టుకుంటుంది. దుఃఖాన్ని మనం మోయలేకపోయినా, ఈ ఐదింటినీ ఇంటివాళ్లు కాపాడగలరు.

ఇంటివాళ్లు చేయవలసినవి

తిండి: హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆయన ఇంటివారికి వంట చేసి పంపమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఇంకో అడుగు ముందుకు వేశారు. పరామర్శకు వచ్చినవారు వెళ్లిపోయి ఇంటివాళ్లే మిగిలాక, తల్బీనా వండించి పెట్టేవారు. ఇది బార్లీ జావ. రెండు చెంచాల బార్లీ పిండిని చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, రెండు కప్పుల నీళ్లు లేదా పాలు పోసి, పది పదిహేను నిమిషాలు సన్నసెగపై ఉడికించండి. దించాక కాస్త తేనె కలపండి. షుగర్ ఉన్నవారికి తేనె వద్దు. ఆకలి లేనివాళ్లను పళ్లెం నిండా తినమని బలవంతపెట్టకుండా, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా ఇలాంటివి ఇవ్వండి.

గాలి, కదలిక: తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. ఫజ్ర్ తరువాత ఒక అరగంట వెంట నడవండి. ఇద్దత్‌లో ఉన్న స్త్రీలు ఇంటి వరండాలోనో డాబా మీదో తిరగవచ్చు. ఇద్దత్‌లో ఉన్నా జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అభ్యంతరం లేదు.

నిద్ర: పడుకునే వేళ, లేచే వేళ మారనివ్వకండి. సాయంత్రం తరువాత టీ మాన్పించండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు వాడడం మంచిది కాదు.

విసర్జన: నీళ్లు, కూరలు, పండ్లు తగ్గకుండా చూడండి. కన్నీటిని కూడా నేను ఈ లెక్కలోనే వేస్తాను. పోవలసింది పోనివ్వాలి.

మందులు: గుండెకు బలమని మా వైద్యంలో ఖమీరా గావ్‌జబాన్ వాడుకలో ఉంది. అందులో చక్కెర పాకం ఉంటుంది, షుగర్ ఉన్నవారు తీసుకోకూడదు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకోవడం మరిచిపోతుంటారు. ఆ బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే ఏ ఖమీరా కోసమూ చూడక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుండె పగిలి పోయారని మన పెద్దలు అనేవారు. అది ఊరికే పుట్టిన మాట కాదు. గట్టి దెబ్బ తగిలిన మనసు వల్ల గుండె ఒక్కసారిగా బలహీనపడే జబ్బును జపాన్ వైద్యులు 1990లో గుర్తించి 'తకోత్సుబో' అని పేరు పెట్టారు. వయసు మళ్లిన స్త్రీలలో ఎక్కువ. చూడ్డానికి గుండెపోటులాగే ఉంటుంది. సకాలంలో చూపిస్తే చాలామంది కోలుకుంటారు.

పిల్లల సంగతి: "నాన్న ఊరికి వెళ్లాడు", "నానమ్మ నిద్రపోతోంది" అని చెప్పకండి. పిల్లలు ఎదురుచూస్తారు, లేదా నిద్రకే భయపడతారు. చనిపోయారనీ, ఇక తిరిగి రారనీ, అందులో నీ తప్పేమీ లేదనీ మెల్లగా చెప్పండి.

ఎప్పుడు జాగ్రత్త పడాలి?

దుఃఖం అలల్లా వస్తుంది. రెండు రోజులు బాగుండి, మూడో రోజు పాత చీరో, కళ్లద్దాలో కనబడితే మళ్లీ ముంచుకొస్తుంది. ఇది సహజం. నెలలు గడిచేకొద్దీ అలలు దూరం జరగాలి. అలా జరగక, ఆరు నెలలో ఏడాదో దాటినా మొదటి రోజున్నట్టే ఉండి, పనీ బతుకూ సాగకపోతే వైద్యం అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని ఇప్పుడు ఒక వ్యాధిగా గుర్తించింది. "నేనూ వెళ్లిపోతాను" అనే మాట వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. గాలి సోకిందనీ, నజర్ తగిలిందనీ తిరుగుతూ కాలం పోగొట్టకండి. మానసిక వైద్యులను కలవండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇక ఒక చిన్న మనవి. మూడో రోజు దాకా ఇల్లు జనంతో నిండి ఉంటుంది. నలభై రోజులు దాటితే గడప తొక్కేవారుండరు. కష్టం అప్పుడే మొదలవుతుంది. మొదటి రమజాన్‌లో సహరీ వేళ ఒక పళ్లెం తక్కువ వేయవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది ఆ లోటు. రెండో నెలలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి వెళ్లి రండి. పోయినవారి పేరు ఎత్తడానికి భయపడకండి. వారి మంచి మాటలు చెప్పుకుని దుఆ చేయండి.

ఆ పెద్దాయనకు అజీర్తికి పొడి ఇచ్చాను. పెద్ద కొడుకును పిలిపించి, రాత్రి భోజనం నాన్నతో కలిసి చేయమన్నాను. మరుసటి నెల వచ్చినప్పుడు ఉబ్బరం తగ్గిందన్నారు. "దుఃఖం అలాగే ఉంది హకీం సాబ్. కాని మొన్న నా కొడుకూ నేనూ కలిసి ఏడ్చాం. ఆ రాత్రి నిద్ర పట్టింది" అన్నారు.

అల్లాహ్ మనందరి హృదయాలకు ఊరట ప్రసాదించుగాక! ఆమీన్.