టీ తాగండి సారూ!
బళ్లారి: పహణిలో పేరు మార్పించుకునేందుకు రైతు తాలూకా కచేరీకి వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. పనయ్యాక వంద నోటు బల్లపై పెట్టి 'టీ తాగండి సారూ' అంటాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. పుచ్చుకుంటే రేపు వచ్చేవాడికి అదే రేటవుతుంది. గుమాస్తా ఏం చేయాలి?

ప్రభుత్వ ఉద్యోగులకు నైతిక శిక్షణ ఇలాంటి ప్రశ్నతో మొదలైతేనే బుర్రకెక్కుతుంది. తరచూ జరిగేది వేరు. ఒక పూట ఉపన్యాసం, మధ్యలో టీ, చివర్లో హాజరు సంతకం. లంచం తప్పని తెలియనివాళ్లు ఆ హాల్లో ఎవరుంటారు? పైఅధికారి 'ఆ ఫైలు ముందు కదిలించు' అన్నప్పుడు ఎలా కాదనాలన్నదే తెలియదు. అందుకే పదిమంది చొప్పున కూర్చోబెట్టి, సొంత శాఖలో ఎదురయ్యే చిక్కులనే చర్చకు పెట్టాలి. పైఅధికారి ఎదురుగా ఉంటే కింది వాళ్లు నోరు విప్పరు. ముందు విడిగా, తర్వాత అందరినీ కలిపి కూర్చోబెట్టడం మేలు.

2020లో కేంద్రం 'మిషన్ కర్మయోగి' తెచ్చింది. పాఠాలు ఆన్‌లైన్‌లోనే వినొచ్చు. నియమాలు తెలుసుకోడానికి బాగానే ఉంటుంది. వీడియో ఒకపక్క నడుస్తుంటే మరోపక్క ఫైళ్లు చూసుకునే వాళ్లకు మాత్రం ఒరిగేదేమీ లేదు.

పుస్తకం చేయి మారాక..

ఒకప్పుడు పహణి కావాలంటే గ్రామ లెక్కాధికారి దయ ఉండాల్సిందే. 'భూమి' పథకం వచ్చాక 2000 దశకం మొదట్లో కంప్యూటర్ కేంద్రంలో 15 రూపాయలకే చేతికొచ్చింది. ఆ లెక్కాధికారికి ఎవరూ నీతులు చెప్పలేదు, పుస్తకం ఆయన చేతిలోంచి పోయిందంతే. 2012లో మొదలైన 'సకాల'తో సేవలకు గడువులొచ్చాయి. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం అడగొచ్చు. శిక్షణకు ఇలాంటి కట్టుబాటు తోడవ్వాలి.

ఈ జిల్లాకు పాఠ్యపుస్తకం బయటెక్కడో వెతకనక్కర్లేదు. ఇనుప ఖనిజం అక్రమాలపై లోకాయుక్త సంతోష్ హెగ్డే 2011లో ఇచ్చిన నివేదికే చాలు. నియమాలు తెలిసిన కచేరీలే కళ్లు మూసుకున్న తీరు అందులో ఉంది.

దళారి ఎందుకు?

తెలుగువాళ్ల గోడు ఇంకొకటి. ఫారం కన్నడలో ఉంటుంది. మాట్లాడటం వచ్చినా చదవలేని పెద్దలు గేటు దగ్గరి దళారికి డబ్బిచ్చి రాయించుకుంటారు. రెండు నిమిషాలు ఓపిగ్గా చెప్పడం కూడా శిక్షణలో భాగం చేస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

అర్జీ ఇచ్చినప్పుడు 'సకాల' సంఖ్య ఉన్న రసీదు అడిగి తీసుకోండి. 2018 సవరణతో లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతపెడితే ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెబితే ఆ నేరం అంటదు. కర్ణాటకలో ఆ ఫిర్యాదులు 2022 నుంచి మళ్లీ లోకాయుక్త పోలీసులే తీసుకుంటున్నారు.